లుక్ వాట్స్ హ్యాపెన్డ్ టు రోజ్‌మేరీస్ బేబీ

లుక్ వాట్స్ హ్యాపెన్డ్ టు రోజ్‌మేరీస్ బేబీ ("రోజ్‌మేరీ బిడ్డ ఏమయ్యాడో చూడండి" అని అర్థం) 1976 అక్టోబరు 29న అమెరికాలోని ఏబీసీ టెలివిజన్ నెట్‌వర్కులో ప్రసారమైన భయానక చిత్రం. రోమన్ పొలాన్‌స్కీ దర్శకత్వంలో 1968లో వెలువడిన రోజ్‌మేరీస్ బేబీ అను సుప్రసిద్ధ చిత్రానికి కొనసాగింపుగా ఇది నిర్మించబడినది. దర్శకుడు సామ్ ఓస్టీన్. రచయిత, నిర్మాత ఆంథొనీ విల్సన్. మూలచిత్రం ఎంతటి ప్రశస్తి పొందినదో ఈ చిత్రం అంతటి నిరాదరణకు గురైనది.

మూలచిత్రం

ఐరా లెవిన్ 1967లో ప్రచురించిన నవల ఆధారంగా రోజ్‌మేరీస్ బేబీ తయారైనది. న్యూయార్కులోని ఒక పాత భవంతిలో కాపురం పెట్టిన రోజ్‌మేరీ గర్భవతి అవుతుంది. ఆప్యాయంగా మసలుకొనే ఇరుగుపొరుగు వృద్ధదంపతులు కాస్టవెట్‌లు నిజానికి సైతానును ఆరాధించే ముఠాకు చెందినవారు. నటుడైన భర్త గై, తన వృత్తిలో పైకి రావడానికి భార్య గర్భాన్ని వారికి ధారపోస్తాడు. చివరి ఘట్టంలో రోజ్‌మేరీ నల్లని ఊయలలోనికి తొంగిచూసి నిర్ఘాంతపోతుంది. పిదప తల్లిగా ఆ ఊయలను మెల్లగా ఊపుతుంది. కథ అంతటితో ముగుస్తుంది.

ఆ బిడ్డ రూపాన్ని పొలాన్‌స్కీ ప్రేక్షకునికి చూపలేదు. క్షణకాలం మసకగా మెరిసే రెండు కన్నులు తప్ప తెరపై మరేమీ కనబడదు. అయినను ఆ బిడ్డను తాము కళ్ళారా చూశామని వాదించిన ప్రేక్షకులు ఎందరో ఉన్నారు. ఈ చిత్రంలోని భయమంతా చూపకుండా దాచిన ఆ రూపంలోనే ఉన్నదని చెప్పవచ్చును. కొనసాగింపు తీయదలచిన వారికి తొలి చిక్కు ఇక్కడే ఎదురైనది. బిడ్డ ఏమయ్యాడో చెప్పవలెనంటే బిడ్డను చూపక తప్పదు.

కథ

చిత్రాన్ని మూడు భాగాలుగా విభజించారు. వాటికి పవిత్ర గ్రంథాల పద్ధతిలో రోజ్‌మేరీ గ్రంథం, ఏడ్రియన్ గ్రంథం, ఆండ్రూ గ్రంథం అని పేర్లు పెట్టారు. ఏడ్రియన్, ఆండ్రూ ఇద్దరూ ఒక్కరే. ముఠావారు పెట్టిన పేరు ఏడ్రియన్, తల్లి పెట్టుకొన్న పేరు ఆండ్రూ. పెంపకం గొప్పదా, పుట్టుక గొప్పదా అన్న ప్రశ్నను ఈ రెండు పేర్లలోనే ఇమిడ్చే ప్రయత్నం జరిగినది. చిత్రంలో మెచ్చుకోదగిన ఆలోచన ఇదే.

మొదటి భాగంలో రోజ్‌మేరీ ఎనిమిదేళ్ళ కుమారుని వెంటబెట్టుకొని ముఠా చెరనుండి పారిపోతుంది. తల్లీకొడుకులు ఒక యూదు ప్రార్థనాలయంలో తలదాచుకొంటారు. దైవమందిరం గనుక ముఠావారి మంత్రశక్తి అక్కడ పనిచేయదు. దారిలో తనను ఏడిపించిన పిల్లలను బాలుడు తీవ్రంగా గాయపరుస్తాడు. మార్జీన్ అనే స్త్రీ వారికి ఆశ్రయమిస్తుంది. కాని రోజ్‌మేరీ ఎక్కిన బస్సు తలుపులు హఠాత్తుగా మూసుకొంటాయి. డ్రైవరు లేని ఆ బస్సు ఆమెను ఎక్కడికో తీసుకొనిపోతుంది. ఆమె మరల కనబడదు. చిత్రమంతటిలో గుర్తుండిపోయే దృశ్యం ఇది ఒక్కటే. అయితే మూలకథకు ప్రాణమైన పాత్ర మొదటి మూడోవంతుతోనే తెరమరుగు కావడం వలన మిగిలిన కథకు ఆధారం లేకపోయినది.

తరువాతి భాగాలలో, మార్జీన్ ఎడారి ప్రాంతపు జూదశాలలో పెంచిన ఏడ్రియన్ ఇరవై ఏళ్ళు దాటిన యువకుడు. ముఠావారు అతనికి మత్తుమందిచ్చి, ముఖానికి తెల్లరంగు పూసి, సైతానును ఆవహింపజేయుటకు ప్రయత్నిస్తారు. అతని మిత్రుడు పీటర్ హత్యకు గురవుతాడు. ఆసుపత్రిలో కళ్ళు తెరచిన ఏడ్రియన్‌కు ఎలెన్ అనే నర్సు సాయపడి తప్పిస్తుంది. ఆమె కూడా ముఠా మనిషేనని, అతని సంతానాన్ని కనుటకే చేరువైనదని తరువాత తెలుస్తుంది. గర్భవతి అయిన ఎలెన్‌ను చూపుతూ చిత్రం ముగుస్తుంది.

మూలకథలో బిడ్డ జననం 1966. ఆ లెక్కన ఈ భాగాలు 1986 తరువాత జరగవలెను. తెరపై కనబడే దుస్తులు, సంగీతం మాత్రం 1976 నాటివే.

నటీనటులు, సాంకేతిక నిపుణులు

మూలచిత్రంలో పొరుగింటి మినీ కాస్టవెట్‌గా నటించి ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ పొందిన రూత్ గోర్డన్ ఒక్కరే తిరిగి అదే పాత్రను ధరించారు. మియా ఫారో స్థానంలో పాటీ డ్యూక్ రోజ్‌మేరీగా నటించారు. జాన్ కాసవెటిస్ పోషించిన గై పాత్ర జార్జి మహారిస్‌కు దక్కినది. ఇందులో గై పేరుమోసిన సినిమా తార. రోమన్ కాస్టవెట్‌గా నటించిన సిడ్నీ బ్లాక్‌మర్ 1973లో మరణించుటచే ఆ పాత్రను రే మిలాండ్ పోషించారు. ఏడ్రియన్‌గా స్టీఫెన్ మెక్‌హ్యాటీ, మార్జీన్‌గా టీనా లూయీస్, ఎలెన్‌గా డోనా మిల్స్, షరీఫుగా బ్రోడరిక్ క్రాఫర్డ్ నటించారు. గోర్డన్, డ్యూక్, మిలాండ్, క్రాఫర్డ్ నలుగురూ ఆస్కార్ గ్రహీతలే. ఇంతటి నటవర్గం ఉండియు చిత్రం నిలబడలేకపోవుట గమనార్హం.

దర్శకుడు ఓస్టీన్ సంగతి మరింత విచిత్రం. మూలచిత్రానికి ఎడిటింగ్ చేసినవారిలో ఆయన ముఖ్యులు. ది గ్రాడ్యుయేట్ (1967), చైనాటౌన్ (1974) వంటి చిత్రాల ఎడిటరుగానూ ప్రసిద్ధులు. ఏ దృశ్యాన్ని ఎక్కడ తెంచవలెనో, దేనిని చూపకుండా విడువవలెనో మూలచిత్రంలో నిర్ణయించిన చేతులే ఇక్కడ అన్నిటినీ చూపవలసి వచ్చినది.

స్పందన

హాలోవీన్ పండుగకు రెండు రోజుల ముందు, శుక్రవారం నాడు దీనిని ప్రసారం చేశారు. అదే సంవత్సరం వేసవిలో సైతాను బిడ్డ కథతోనే ది ఓమెన్ చిత్రం థియేటర్లలో విజయం సాధించియుండుటచే పోలిక తప్పలేదు. విమర్శకులు కథలోని అతుకులను, పాత్రల పలుచదనాన్ని తప్పుపట్టారు. ఈ లోపాలన్నిటినీ దర్శకునికే అంటగట్టుట న్యాయం కాదు. ఆనాటి అమెరికన్ నెట్‌వర్కు టెలివిజన్‌లో హింస, శృంగార దృశ్యాలపై గట్టి ఆంక్షలుండేవి. మధ్యమధ్య వచ్చే ప్రకటనల కోసం కథను ముక్కలుగా విడగొట్టవలసి వచ్చేది. నెమ్మదిగా పేరుకొనవలసిన భయానికి ఈ పద్ధతి సరిపడదు.

తరువాతి పరిణామాలు

ఐరా లెవిన్ 1997లో సన్ ఆఫ్ రోజ్‌మేరీ పేరుతో తన నవలకు తానే కొనసాగింపు వ్రాశారు. అందులో ఈ చిత్రకథను లెక్కలోనికి తీసుకొనలేదు. ఆ నవలకు కూడా ఆదరణ లభించలేదు. 2014లో ఆగ్నియెష్కా హోలాండ్ దర్శకత్వంలో మూలకథనే పారిస్ నగరానికి మార్చి ఎన్‌బీసీ ఒక మినీ ధారావాహికగా ప్రసారం చేసినది. అదే సంవత్సరం పొలాన్‌స్కీ చిత్రం అమెరికా జాతీయ చలనచిత్ర రిజిస్ట్రీలో చేర్చబడినది. 2024లో వెలువడిన అపార్ట్‌మెంట్ 7ఎ బిడ్డ పుట్టుకకు ముందరి సంఘటనలను కథగా తీసుకొన్నది.