స్వాల్‌బార్డ్ మీథేన్ ఊటల వయసెంత?

ధ్రువ సముద్రాల అడుగున మీథేన్ ఊటల గురించి ఎప్పుడు చదివినా దాదాపు ఒకే కథ వినిపిస్తుంది. భూమి వేడెక్కింది, సముద్రం అడుగున గడ్డకట్టిన మీథేన్ కరుగుతోంది, బుడగలై పైకి తన్నుకొస్తోంది, ఇక వినాశనమే. ఈ కథ పూర్తిగా అబద్ధమని అనను. కానీ కొత్తగా మన కంటబడినదాన్ని కొత్తగా పుట్టినదిగా లెక్కగట్టడంలోనే దీని బలమంతా ఉంది. ఆ లెక్క చాలాచోట్ల నిలవదు.

ఈ ఊటల అన్వేషణలో తొలి దశ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1977లో గలాపగోస్ దగ్గర సముద్రగర్భంలో వేడినీటి బుగ్గలు బయటపడ్డాయి. మెక్సికో సింధుశాఖలో 3,200 మీటర్లకు పైగా లోతున, చల్లని ఊటల చుట్టూ బతికే జీవజాలం 1984లో శాస్త్రలోకానికి తెలిసింది. ఉత్తర ధ్రువం వైపు 1989-90 ప్రాంతంలో సోనార్ పటాల మీద కిలోమీటరు వెడల్పున్న గుండ్రటి ఆకారం ఒకటి కనిపించింది. బారెంట్స్ సముద్రపు వాలులో, సుమారు 1,250 మీటర్ల లోతున ఉన్న ఆ బురద అగ్నిపర్వతానికి హోకన్ మోస్బి అని పేరు పెట్టారు. అక్కడ అడుగునీళ్లు సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉంటాయి.

హోకన్ మోస్బి దగ్గర కాస్త ఆగాలి. పైకొచ్చే మీథేన్‌లో 40 శాతం లోపే అక్కడి సూక్ష్మజీవులు తినగలుగుతున్నాయని 2006లో హెల్గె నీమన్ బృందం చూపింది. 2009-10లో 431 రోజులపాటు ఎడతెగకుండా పరికరాలు ఉంచితే, లోపలి నుంచి వేడి ద్రవం 25 సార్లు ఎగదన్నినట్టు నమోదైంది. ఏడాదికొకసారి ఓడ మీద వెళ్లి నాలుగు రోజులు చూసొచ్చే పద్ధతిలో ఈ ఊట స్వభావం మనకు అందేదే కాదు.

అసలు వివాదం 2008తో మొదలైంది. ఆ ఏడు జేమ్స్ క్లార్క్ రాస్ అనే బ్రిటిష్ ఓడ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల పడమటి తీరాన 150 నుంచి 400 మీటర్ల లోతుల్లో 250కి పైగా బుడగల ధారలను గుర్తించింది. గ్రాహం వెస్ట్‌బ్రూక్ బృందం మరుసటి ఏడు ఇచ్చిన వివరణ ఇది: మీథేన్ హైడ్రేట్ అంటే నీటి అణువుల పంజరంలో మీథేన్ చిక్కుకుని గడ్డకట్టిన పదార్థం. మన కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2006లో తవ్వి తీసినదీ ఇదే. ముప్పై ఏళ్లలో స్వాల్‌బార్డ్ తీరపు నీరు ఒక డిగ్రీ వేడెక్కింది. దాంతో హైడ్రేట్ నిలవగలిగే పై హద్దు 360 మీటర్ల నుంచి 396 మీటర్లకు దిగింది. ఆ హద్దుకు ఎగువనే బుడగలు దట్టంగా ఉన్నాయి. వాదన పొందిగ్గా ఉంది, నిజాయితీగానూ ఉంది. ఇదే ఆర్కిటిక్ అంచులన్నిటా జరిగితే అన్న షరతుతోనే వాళ్లు ఏటా వెలువడే మీథేన్‌కు పెద్ద అంకె చెప్పారు. కథ చేతులు మారేకొద్దీ ఆ షరతు జారిపోయింది.

హైడ్రేట్ నిలవడానికి చలితోపాటు పీడనం కూడా కావాలి. అందరూ ఉష్ణోగ్రతనే పట్టుకున్నారు, పీడనం సంగతి పక్కన పడింది. పీడనం మాట తర్వాత, ముందు వయసు సంగతి. 2014లో క్రిస్టియన్ బెర్న్ట్ బృందం ఆ ఊటల దగ్గరి కార్బనేట్ రాళ్ల వయసు కట్టింది. సూక్ష్మజీవులు మీథేన్‌ను అరిగించుకునే క్రమంలో పేరుకునే రాళ్లవి. ఆ ఊట కనీసం 3,000 ఏళ్లుగా సాగుతోందని తేలింది. అడుగునీటి ఉష్ణోగ్రత ఋతువులను బట్టి ఒకటి రెండు డిగ్రీలు మారుతుందనీ తెలిసింది. దీన్ని తుది తీర్పుగా తీసుకోవడం కూడా తొందరపాటే. 3,000 ఏళ్ల కిందట ఊట ఉందని రాయి చెబుతుంది గాని, అప్పటి ధార ఇప్పటంత ఉందో లేదో చెప్పదు.

నా దృష్టిలో బరువైన సాక్ష్యం 2018లో వచ్చింది. క్లౌస్ వాల్‌మన్ బృందం ఆ వాలులోనే సముద్రగర్భాన్ని తవ్వి, మట్టి రంధ్రాల్లోని నీటిని పరీక్షించింది. హైడ్రేట్ కరిగితే మంచినీరు విడుదలై ఉప్పు తగ్గుతుంది. ఆ ఉప్పు తగ్గుదల సుమారు 8,000 ఏళ్ల కిందట మొదలైందని వాళ్ల లెక్క. మంచుయుగంలో స్వాల్‌బార్డ్ మీది మంచు బరువుకు నేల కుంగింది. మంచు కరిగాక నేల పైకి లేవసాగింది. అది లేచే వేగం సముద్రమట్టం పెరిగే వేగాన్ని మించాక నీటి లోతు తగ్గింది, పీడనం తగ్గింది, హైడ్రేట్ చెదిరింది. ఇంకో మాట కూడా వాళ్లు చెప్పారు: హైడ్రేట్ కరిగితే వచ్చే వాయువు ఈనాటి ధారలకు చాలదు. ఇంకా లోతున ఉన్న నిల్వల మీద హైడ్రేట్ బిరడాలా పనిచేసింది, అంతే.

ఈ వాదన నన్ను ఒప్పించింది, కొంత జాగ్రత్తతో. ఇది ఒకచోటి తవ్వకం, దాని మీద కట్టిన గణిత నమూనా. పైగా అడుగునీరు చల్లబడిన కాలంలో ఊట తగ్గిందని 2020లో అదే తీరం నుంచి వచ్చిన పరిశీలన చెప్పింది. కాబట్టి వేడికి ఇందులో పనిలేదనేవారితోనూ నేను ఏకీభవించను. ఊట పుట్టడానికి కారణం వేరు, దాని ధార హెచ్చుతగ్గులకు కారణం వేరు. ఈ రెంటినీ కలిపేయడం వల్లే పదేళ్ల చర్చ గందరగోళమైంది.

లోతు విషయంలోనూ ఇలాంటి కలగాపులగమే జరిగింది. సైబీరియా తీరపు లోతు తక్కువ జలాల గురించి చెప్పిన భయాలను లోతు సముద్రానికి అంటగట్టారు. స్వాల్‌బార్డ్ పడమర వెస్ట్‌నెసా గట్టున, 1,200 మీటర్ల లోతు నుంచి లేచే ధారలు వందల మీటర్లు ఎక్కినా ఆ మీథేన్ దాదాపుగా దారిలోనే నీటిలో కరిగిపోతుంది. కరిగినదాన్ని బ్యాక్టీరియా ఆక్సీకరిస్తే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఆమ్లత పెరుగుతుంది. ఆ నష్టం గాలి లెక్కల్లోకి రాదు గనక ఎవరికీ పట్టదు.

దక్షిణాన, అంటార్కిటికా చుట్టూ, ఆధారాలు పలచన. 2002లో లార్సెన్-బి మంచు అరుగు కూలింది. 2005లో యూజీన్ డోమాక్ బృందం ఆ అడుగున, సుమారు 850 మీటర్ల లోతులో, తెల్లటి సూక్ష్మజీవుల పరుపులూ ఆల్చిప్పలూ చూసింది. 2007లో పోలార్‌స్టెర్న్ ఓడ వెళ్లేసరికి అక్కడ ఖాళీ చిప్పలు, బలహీనమైన ఊట మాత్రమే మిగిలాయి. రాస్ సముద్రంలో 40కి పైగా ఊటలు ఉన్నాయని 2025లో ప్రకటించగానే పాత కథే మళ్లీ మొదలైంది. అవన్నీ 240 మీటర్ల లోపువే. అయితే ఇక్కడ నా వాదనకు ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది. మెక్‌మర్డో జలసంధిలో డైవర్లు దశాబ్దాలుగా దిగి చూస్తున్నచోట 2011లో ఊట ఒకటి నిజంగానే కొత్తగా వెలిసింది. ఐదేళ్లు గడిచినా మీథేన్ తినే సూక్ష్మజీవుల సమాజం అక్కడ కుదురుకోలేదు. కొత్తదని మనం నమ్మగలిగామంటే, అంతకుముందు అక్కడేముందో చూసినవాళ్లు ఉండబట్టే.

ఈనాటి పరిస్థితి నాకు తృప్తినివ్వడం లేదు. గ్రీన్‌లాండ్ సముద్రంలోని మొల్లాయ్ గట్టు మీద, 3,640 మీటర్ల లోతున, ఫ్రేయా అనే హైడ్రేట్ దిబ్బలను 2024లో చూశారు. ఇంత లోతున హైడ్రేట్ బయటికి కనిపించడం అంతకుముందు ఎరగనిది. అదే ఏడు జనవరిలో నార్వే పార్లమెంటు ఆ ప్రాంతపు సముద్రాల్లో సుమారు 2,80,000 చదరపు కిలోమీటర్లను ఖనిజాన్వేషణకు తెరిచింది. డిసెంబరులో తొలి విడత లైసెన్సులు ఆగిపోయాయి. అది వాయిదా మాత్రమే, రద్దు కాదు. హోకన్ మోస్బిలో 431 రోజులు చేసిన పని ముందు ఇక్కడ జరగాలి. లైసెన్సుల మాట ఆ తర్వాతే ఎత్తాలి.