భద్రాచలం గోదావరి వంతెనలు: పాతదాన్ని నిలబెట్టడమా, కొత్తది కట్టడమా

భద్రాచలానికీ సారపాకకూ మధ్య గోదావరిపై పక్కపక్కనే రెండు రోడ్డు వంతెనలున్నాయి. పాతదాన్ని 1965 జూలై 13న అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించారు. దాని పొడవు సుమారు 3,900 అడుగులు. కొత్తదాని పని 2015లో మొదలై, గడువులు దాటుకుంటూ సాగి, 2024 శ్రీరామనవమి నాటికి వాహనాలకు తెరుచుకుంది. విజయవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి ఏరు దాటేది ఇక్కడే. వయసు మీరుతున్న వంతెనకు మరమ్మతు చేయాలా, మార్చాలా, తోడుగా ఇంకోటి కట్టాలా అన్న ప్రశ్నకు తెలుగు నేల మీద దొరికే మంచి ఉదాహరణల్లో ఇదొకటి.

దుమ్ముగూడేనికి ఈ వంతెనతో ఏం పని

దుమ్ముగూడెం భద్రాచలానికి ఎగువన, అదే ఎడమగట్టున ఉంది. 19వ శతాబ్దంలో ఈ ఊరికి గోదావరే రహదారి. ఎగువ గోదావరిలో పడవలు నడపాలన్న ఆర్థర్ కాటన్ ఆలోచనను హేగ్ అనే ఇంజనీరు ఇక్కడ అమలుకు తెచ్చాడు. రాళ్ల మీద నీరు సుడులు తిరిగే చోట ఆనకట్ట, పక్కన కాలువ, పడవలను ఎక్కించి దించే లాకులు కట్టించాడు. 1870ల మొదట్లో ప్రభుత్వం ఆ పథకాన్ని వదిలేసింది. ఆనకట్ట మిగిలింది, పడవదారి మిగల్లేదు.

ఆ తర్వాత దుమ్ముగూడెం, చర్ల మండలాల జనానికి బయటి లోకం అంటే భద్రాచలం మీదుగా అవతలి గట్టే. మిరప కోతలయ్యాక బస్తాలు ఖమ్మం యార్డుకు చేరాలన్నా, జబ్బు ముదిరిన మనిషిని కొత్తగూడెమో వరంగలో హైదరాబాదో తీసుకుపోవాలన్నా ఏరు దాటాలి. 2014 రాష్ట్ర విభజన తర్వాత ఇంకో చిక్కు వచ్చిపడింది. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే రోడ్డు మధ్యలో కాసేపు ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఎటపాక మీదుగా సాగి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. ఒకే రోడ్డుకు ఇద్దరు యజమానులు, ఏరు దాటడానికి దశాబ్దాలపాటు ఒకే ఒక్క వంతెన. ఎగువన ఏటూరునాగారం దగ్గర ముల్లకట్ట వంతెన ఈమధ్య వచ్చిందే. దిగువన చూస్తే రాజమహేంద్రవరం దాకా పోవలసిందే. ప్రత్యామ్నాయాల లెక్క వేసేటప్పుడు ఇంజనీర్ల కాగితాల్లో ఈ సంగతికి మొదటి చోటు దక్కాలి.

కాంక్రీటు వంతెన ఎలా ముసలిదవుతుంది

పైనుంచి చూసేవాళ్లకు గుంతలు కనిపిస్తాయి. అసలు జబ్బు కింద ఉంటుంది. రెండు స్పాన్లు, అంటే పిల్లరు నుంచి పిల్లరు దాకా ఉండే వంతెన ముక్కలు, కలిసేచోట ఎండకు వంతెన సాగడానికి వీలుగా వేలెడంత సందు వదిలి, రబ్బరు పట్టీతో మూస్తారు. అదే ఎక్స్‌పాన్షన్ జాయింటు. పట్టీ చిరిగితే ఆ సందులో ఇసుక, మట్టి నిండుతాయి, వాన నీళ్లు కిందికి కారుతాయి. ఆ నీళ్లు స్లాబును మోసే దూలాల, అంటే గర్డర్ల, చివరల మీద, వాటి కింద ఉన్న బేరింగుల మీద పడతాయి. బేరింగు పట్టేస్తే వంతెన సాగలేదు, సాగలేని బలమంతా పిల్లరు నెత్తిన పడుతుంది. లోపలి ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి పైనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. పెచ్చు ఊడి చువ్వ బయటపడిందంటే తుప్పు మొదలై చాలా కాలమైందన్నమాట.

పునాదుల సంగతి ఇంకా గుట్టుగా ఉంటుంది. వరద ఉధృతికి పిల్లరు చుట్టూ ఇసుక కోసుకుపోయి గొయ్యి పడుతుంది. వరద తగ్గేటప్పుడు అదే గొయ్యిలో కొత్త ఇసుక మెత్తగా పేరుకుంటుంది. వేసవిలో చూసినవాడికి అంతా సమంగానే కనిపిస్తుంది. అందుకే వరద నడుస్తుండగానో, తీసిన వెంటనేనో లోతు కొలవాలి. ఏటిలో ఇసుక తవ్వకాలు హద్దు దాటితే ఈ నష్టం రెట్టింపవుతుంది.

ఉన్న దారులు

మొదటిది మరమ్మతు. జాయింట్లు మార్చడం, జాకీలతో స్లాబును మిల్లీమీటర్ల లెక్కన పైకెత్తి బేరింగులు మార్చడం, పగుళ్లలోకి ఎపాక్సీ ఎక్కించడం, గర్డర్లకు కార్బన్ ఫైబర్ పట్టీలు అంటించడం ఇందులోకి వస్తాయి. ఖర్చు తక్కువ. కానీ 1960ల నాటి బండ్లను లెక్కలోకి తీసుకుని కట్టిన వంతెన ఇప్పటి బహుళ చక్రాల లారీలకు సరిపడే వంతెన కాదు. వెడల్పూ పెరగదు.

రెండోది పిల్లర్లు ఉంచి పైభాగం మార్చడం. పాట్నాలో గంగపై 1982లో తెరిచిన మహాత్మా గాంధీ సేతుకు ఇదే చేశారు. స్పాన్ల నడుమ పెట్టిన కీళ్ల దగ్గర కాంక్రీటు కుంగిపోతే, పైభాగమంతా విప్పి పాత పిల్లర్ల మీదే ఉక్కు ట్రస్సులు నిలిపారు. ఒకవైపు బండ్లు నడుస్తుండగా రెండోవైపు పని చేశారు. పడమటి వైపు 2020లో, తూర్పు వైపు 2022లో పూర్తయ్యాయి. రెండు వేర్వేరు దారులున్న వంతెన కాబట్టి అది కుదిరింది. భద్రాచలం పాత వంతెనకు ఆ వీలు లేదు. సగం విప్పితే మొత్తం ఆగిపోతుంది.

మూడోది కొత్తది కట్టి పాతదాన్ని సేవ నుంచి తప్పించడం. రాజమహేంద్రవరంలో 1900లో పూర్తయిన 56 స్పాన్ల హేవ్‌లాక్ రైలు వంతెనను, ఆర్చి వంతెన వచ్చాక, 1997లో సేవ నుంచి తప్పించారు. అది ఇప్పటికీ ఏటిలో నిలబడే ఉంది. విజయవాడలో 1952లో కృష్ణా ఆనకట్ట తెగిపోయాక పాతదాన్ని అతికించే ఆలోచన మాని, 1957 నాటికి పైన రోడ్డుతో ప్రకాశం బ్యారేజీ కట్టారు.

భద్రాచలంలో ఎంచుకున్నది వీటిలో ఏదీ పూర్తిగా కాదు. పాతదాన్ని ఉంచి పక్కనే తోడు కట్టారు. ఒక్క దారే దిక్కైన చోట ఇది సరైన నిర్ణయం. కొత్తది తెరిస్తేనే పాతదాన్ని ఆపి, తొందర లేకుండా పరీక్షించే అవకాశం వస్తుంది. తప్పు జరిగింది ఆలస్యంలోనే. దాదాపు తొమ్మిదేళ్లపాటు బరువంతా పాతదే మోసింది.

వరద అడిగే ప్రశ్న

భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు చేరింది. 1990లో 70.8. 2022 జూలై 16న 71.3 అడుగులు, 24 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం. ఆ ఏడాది జూలై 14న వంతెనపై రాకపోకలు ఆపేశారు. అప్పటికే ఊరిని దుమ్ముగూడెం, చర్ల, కూనవరం, బూర్గంపాడులతో కలిపే రోడ్లు మునిగాయి. వంతెన నిలిచింది, దాని దాకా వచ్చే రోడ్లు నిలవలేదు.

పక్కపక్కనే రెండు వంతెనలున్నా అప్రోచ్ రోడ్లు పల్లంలో ఉంటే పెద్ద వరదకు రెండూ ఒకేసారి మూతపడతాయి. దిగువన ఉన్న పోలవరం ప్రాజెక్టులో 150 అడుగుల మట్టం దాకా నీరు నిలిపితే వెనక జలాల వల్ల వరద ఎక్కువ రోజులు నిలుస్తుందన్న ఆందోళన తెలంగాణ వైపు నుంచి ఉంది. దుమ్ముగూడెం ఆనకట్టకు దిగువన తలపెట్టిన సీతమ్మ సాగర్ బ్యారేజీపై బండ్లు నడిచే దారి ఏర్పడితే ఎగువ మండలాలకు అది నిజమైన రెండో దారి అవుతుంది. అప్రోచ్ రోడ్లు మునిగితే వంతెన ఉండీ లాభం లేదు కాబట్టి, వంతెన అంచనాలో రోడ్ల ఎత్తు పెంచే ఖర్చు కూడా కలిపే చూడాలి.

పాత వంతెన ఇకపై

కొత్తది వచ్చాక పాతదాని మీద చూపు తగ్గడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. మహారాష్ట్రలో మహాడ్ దగ్గర సావిత్రి నదిపై బ్రిటిష్ కాలపు రాతి వంతెన 2016 ఆగస్టు 2 రాత్రి వరదలో కూలి, రెండు ఆర్టీసీ బస్సులు కొట్టుకుపోయాయి. దాని పక్కనే కొత్త వంతెన ఉంది. అయినా పాతదాని మీద బండ్లు నడుస్తూనే ఉన్నాయి. గుజరాత్‌లో మహీ నదిపై 1985 నాటి గంభీరా వంతెన 2025 జూలై 9న పగటిపూటే విరిగింది.

భద్రాచలం పాత వంతెనకు 60 ఏళ్లు నిండాయి. దాన్ని వాడుకలో ఉంచదలిస్తే ప్రతి వరద తర్వాత పునాదుల లోతు కొలవాలి, బేరింగులూ జాయింట్లూ మార్చాలి, బరువు పరీక్ష చేసి ఫలితాన్ని జనానికి చెప్పాలి. పరీక్ష తేలేదాకా భారీ లారీలను కొత్తదాని మీదికే మళ్లించి, పాతదాన్ని ఆటోలకూ ద్విచక్ర వాహనాలకూ నడిచేవాళ్లకూ పరిమితం చేయడం సురక్షితం. పరీక్షలో తప్పితే పైభాగం విప్పి మార్చడానికి ఇప్పుడు అడ్డు లేదు, బండ్లు పక్క వంతెన మీద పోతాయి.