నిదానపు కుండ పూర్వకథ

చికాగో చలికాలంలో మా ఇంట ఆదివారాలు చాలామటుకు ఒకే వంటతో గడచిపోతాయి. ఉల్లిపాయలు, క్యారెట్లు, టమాటాలు, ముందుగా ఉడికించుకున్న తెల్ల బీన్సు, పెనం మీద ఎర్రగా వేయించిన సాసేజి ముక్కలు స్లో కుకర్లో వేసి, మునిగేటంత నీరు పోసి మూత పెడతాను. ఏడెనిమిది గంటలకు చిక్కటి సూపు సిద్ధమవుతుంది. పాస్తా మాత్రం చివరి అరగంటలోనే వేయాలి. పొద్దున్నే వేస్తే సాయంత్రానికి గంజి అయి కూర్చుంటుంది. సాసేజిలోని సోంపు పరిమళం ఇల్లంతా కమ్ముకుంటుంది. అమెరికాకు వలస వచ్చిన ఇటలీవారి వంట ఇది. దానిని వండే కుండ మాత్రం ఇటలీ నుండి రాలేదు. దాని మూలం లిథువేనియాలోని యూదుల ఇళ్ళలో ఉంది.

యూదులకు శుక్రవారం సూర్యాస్తమయం నుండి శనివారం చీకటిపడే వరకు విశ్రాంతిదినం, అంటే సబ్బాతు. ఆ వేళ నిప్పు రాజేయరాదు, వంట చేయరాదు. అయినా ఆ రోజు వేడి భోజనం తినడమే వారికి పండుగ. ఈ చిక్కుముడి ఎంత పాతదంటే, సుమారు క్రీ.శ. 200 నాటి మిష్నాలోనే దీనిమీద చర్చ ఉంది. గడ్డితో వేడిచేసిన పొయ్యి మీద వంటకాన్ని ఉంచవచ్చుననీ, కట్టెలతో వేడిచేసినదైతే ముందు నిప్పులను ఊడ్చివేయాలి లేదా వాటి మీద బూడిద కప్పాలనీ అందులో చెబుతారు. మనకు నివురుగప్పిన నిప్పు ఒక పోలిక. వారికది ధర్మశాస్త్రం!

ఈ నియమం చోలెంట్ అనే వంటకానికి పుట్టుక నిచ్చింది. బీన్సు, బార్లీ, మాంసం, తరువాతి కాలంలో బంగాళాదుంపలు ఒక కుండలో వేసి, శుక్రవారం పొద్దు వాలకముందే ఊరి రొట్టెల బట్టీకి పంపేవారు. రొట్టెలు కాల్చడం ముగిశాక బట్టీలో మిగిలిన వేడిలో ఆ కుండలు రాత్రంతా మగ్గేవి. కొన్నిచోట్ల పిండిముద్దతో మూత అంచును మూసేవారట. హైదరాబాదు దమ్ బిర్యానీ వండేవారికి ఇది కొత్తగా తోచదు.

ఇర్వింగ్ నాక్సన్ 1902లో న్యూజెర్సీలో పుట్టిన యూదుడు. అప్పటి ఇంటిపేరు నాకుమ్‌సోన్, తరువాత కుదించుకున్నాడు. లిథువేనియాలోని విల్నా ప్రాంతంలో తన తల్లి చోలెంట్ కుండను బట్టీకి ఎలా పంపేదో ఇర్వింగ్ తల్లి టమారా అతనికి చెబుతుండేదట. ఈ కథను ఆయన కుమార్తె లోకానికి తెలియజేశారు. ఇంజనీరైన ఆ కొడుకు వేడి అన్నివైపుల నుండి సమంగా అందేలా, లోపలి పాత్ర చుట్టూ విద్యుత్తు తీగను చుట్టిన వంటపాత్రను రూపొందించాడు. 1936లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1940లో లభించింది. ఆ మరుసటి ఏడే నాజీ సైన్యం విల్నాలో ప్రవేశించింది. మూడేళ్ళలో అక్కడి యూదులలో అత్యధికులు హతమయ్యారు. ఎన్నో ఇళ్ళ నుండి బట్టీకి కుండలు పంపేవారే లేకుండాపోయారు. ఒక అమ్మమ్మ కుండ జ్ఞాపకం మాత్రం చికాగోలో పేటెంటు కాగితమై మిగిలింది. ఈ రెండు తేదీలను పక్కపక్కన చూసిననాడు నాకు సూపు సయించలేదు.

నాక్సన్ తన పాత్రకు ‘బీనరీ’ అని పేరు పెట్టాడు. బీన్సు ఉడికించడానికి చిన్న చిన్న ఫలహారశాలలవారు దానిని కొనేవారు. 1970లో కాన్సస్ సిటీకి చెందిన రైవల్ సంస్థ నాక్సన్ వ్యాపారాన్ని కొన్నది. బీన్సు ఒక్కటే కాక ఇంకేమి వండవచ్చునో పరీక్షించి, రూపం మార్చి, 1971లో చికాగో గృహోపకరణాల ప్రదర్శనలో ‘క్రాక్ పాట్’ పేరుతో విడుదల చేసింది. 1975లో మేబెల్ హాఫ్‌మన్ రాసిన వంటల పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

ఈ విజయానికి కారణం రుచి మాత్రమే కాదు. 1970లో అమెరికా వయోజన స్త్రీలలో ఉద్యోగరంగంలో ఉన్నవారు సుమారు 43 శాతం; 1980 నాటికి సగం దాటారు. ఇల్లాలు కార్యాలయంలో ఉండగా వంట దానంతట అదే అవుతుందని ప్రకటనలు చెప్పాయి. కాని తెల్లవారుజామున లేచి కూరగాయలు తరిగేదీ, రాత్రి గిన్నె తోమేదీ ఎవరు? ఆ ప్రశ్న జోలికి పోలేదు. ఏ పనీ చేయకూడని రోజు కోసం పుట్టిన కుండ పనికి పోయే రోజుల కుండ అయింది. పైగా అందులో ఉడికే ఇటాలియన్ సాసేజి సాధారణంగా పందిమాంసం! టమారా తల్లి ఆ మూత ఎత్తి చూస్తే ఏమనేదో! (నేను వాడేది కోడిమాంసపు సాసేజి. అదీ భక్తివల్ల కాదు, మా ఆవిడ ఆజ్ఞ.)

ప్రసంగవశాన ఒక హెచ్చరిక. ఈ కుండలో పచ్చి రాజ్మా వేయకండి. వాటిలోని విషపదార్థం ఈ మందమైన వేడికి సరిగా విరగదు. ముందు విడిగా బాగా మరిగించి తీరాలి. ఒకప్పుడు ‘బీనరీ’ అనిపించుకున్న కుండకు ఈ లోపం ఉండడం విడ్డూరమే.

కృష్ణా జిల్లాలోని మా అమ్మమ్మగారి ఇంట్లో దాలిగుంట ఉండేది. పిడకలు పేర్చి రాజేసి, నివురు కప్పి, పాలదుత్త దింపేవారు. సాయంత్రానికి పాలు ఇటుకరంగు తిరిగి, మీద అరచేతి మందాన మీగడ కట్టేది. దానికి మీటా లేదు, గడియారమూ లేదు. వేడి ఎంత ఉండాలో అమ్మమ్మకు తెలుసు, నేనెన్నడూ అడగలేదు. నాక్సన్ అడిగాడు, కనీసం విన్నాడు.

ఈ మధ్య ఫోనులో అమ్మను అడిగాను, దాలికి ఎన్ని పిడకలు పట్టేవని. కాసేపు ఆలోచించి, "లెక్కపెట్టినవాళ్ళెవరురా? మీ అమ్మమ్మ నివురు మీద చెయ్యి పెట్టి చూసేది. చాలకపోతే ఇంకోటి పెట్టేది" అన్నది.