సఫారీ జీపులో చెప్పని చరిత్ర

పెద్దపల్లి నుంచి గోదావరి దాటి, మంచిర్యాల, లక్షెట్టిపేట మీదుగా వెళ్తే జన్నారం వస్తుంది. రాత్రి హరిత రిసార్టులో ఉండి, తెల్లవారగానే సఫారీ జీపు ఎక్కి కవ్వాల్ అడవిలోకి వెళ్ళాం. చుక్కల దుప్పులు, మనుబోతులు కనిపించాయి. పులి కనిపించలేదు. జంతువుల పేర్లు చెప్పారు గానీ, ఈ అడవిలో తరతరాలుగా బతికిన గోండులు, కోలాములు, నాయకపోళ్ళ ఊసు రాలేదు. ఆ చరిత్ర మనమే చెప్పుకోవాలి.

నిజాం పాలనలో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పులివేటకు పేరుపొందాడు. దొరలకు వేట వినోదం. మనకు మాత్రం అడవిలో అడుగు పెడితే నేరం. అడవులను రిజర్వు చేసి గూడేలు ఖాళీ చేయించారు, పోడు ఆపించారు, పశువులను మేపితే బంచరాయి పన్ను వేశారు. అందుకే కొమురం భీం తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్‌లో ఆయన అమరుడయ్యాకే నిజాం ప్రభుత్వం మన బాధలు తెలుసుకోవడానికి హైమెండార్ఫ్‌ను పంపింది.

1965లో కవ్వాల్ అభయారణ్యమైంది, 2012లో పులుల అభయారణ్యమైంది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి పులులు ఇటు వస్తున్నాయి. అది మంచిదే. పులి ఉంటేనే అడవి ఉంటుంది. కానీ కడెం మండలంలోని రాంపూర్, మైసంపేట గూడేలు కోర్ ఏరియా నుంచి లేవాల్సి వచ్చింది. ఇది మన దగ్గరే జరిగింది కాదు. ఆఫ్రికాలో ప్రపంచమంతా సఫారీకి వెళ్ళే సెరెంగెటి నుంచి 1959లో మసాయి పశుపాలకులను బయటికి పంపారు. జంతువులను చూడ్డానికి వచ్చేవాళ్ళకు ఖాళీ అడవి కావాలి. ఆ ఖాళీ వెనుక ఒక ఊరు ఉంటుంది.

ఇవాళ మన చేతిలో 2006 అటవీ హక్కుల చట్టం ఉంది. వన్యప్రాణుల కోసమైనా సరే, హక్కులు తేల్చకుండా, గ్రామసభ సమ్మతి లేకుండా ఎవరినీ తరలించకూడదని అది చెబుతోంది. యువకులు ఆ చట్టాన్ని గ్రామసభలో చదివి వినిపించాలి. ఉపాధ్యాయులు పిల్లలను కవ్వాల్‌కు తీసుకెళ్తే జోడేఘాట్‌కూ తీసుకెళ్ళాలి. మన పిల్లలు సఫారీ గైడ్లయితే, దుప్పిని చూపించిన చేత్తోనే పాత గూడెం జాగానూ చూపించాలి.