చరాస్తి గడిలో మనుషులు

అమెరికా దక్షిణాది రైతు కుటుంబాల వంశచరిత్రలు చదవడం నాకు ఇష్టమైన వ్యాపకం. వాటికి ముఖ్యాధారం పదేళ్ళకొకసారి తీసే జనాభా లెక్కలు. 1840 వరకు ఇంటి యజమాని పేరొక్కటే వ్రాసేవారు, మిగిలినవారంతా అంకెలే. 1850లో స్వతంత్రులందరి పేర్లూ, స్థిరాస్తి విలువా చేరాయి. 1860లో చరాస్తి విలువ కూడా అడిగారు.

జార్జియాలోనో అలబామాలోనో పత్తి పండించిన ఒక పెద్ద ఆసామిని 1860 నుండి 1870 వరకు అనుసరించండి. తరచుగా భూమి మిగిలే ఉంటుంది, విలువ తగ్గి. చరాస్తి మాత్రం కుప్పకూలి కనిపిస్తుంది. అంతర్యుద్ధంలో సర్వం పోయిందని వారసులు చెప్పుకుంటారు. కాని ఆ చరాస్తిలో పెద్ద భాగం బానిసలు. 1850, 1860 నాటి బానిసల పట్టీలలో యజమాని పేరు క్రింద వారి వయస్సు, లింగం, రంగు ఉంటాయి. పేర్లు దాదాపు ఎక్కడా ఉండవు. 1865లో బానిసత్వం రద్దయింది. 1870 లెక్కలలో వారు మొదటిసారి ఇంటిపేర్లతో సహా కనబడతారు.

ఒక కుటుంబం చితికిపోయిందని చదివే చోటనే మరొక కుటుంబపు వంశవృక్షం కాగితం మీదికి వస్తుంది. రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టి చదవనిదే ఆ చరిత్ర పూర్తికాదని నా అభిప్రాయం. మీరేమంటారు?