రుమాటిక్ గుండె జబ్బు: గొంతు నొప్పి గుండె దాకా ఎవరి ఇంట్లో పోతుంది?

పిల్లలకు గుండె జబ్బు అనగానే పుట్టుకతో వచ్చిన లోపమే గుర్తొస్తుంది. పుట్టాక వచ్చే జబ్బులూ ఉన్నాయి. పేద దేశాల్లో వాటిలో ముఖ్యమైనది రుమాటిక్ గుండె జబ్బు.

ఇది మామూలు గొంతు నొప్పితో మొదలవుతుంది. కారణం గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ అనే బాక్టీరియా. రెండు మూడు వారాల తర్వాత కొందరు పిల్లల్లో జ్వరం, ఒక కీలు నుంచి మరో కీలుకు మారే వాపు, నొప్పి వస్తాయి. ఇదే రుమాటిక్ జ్వరం. బాక్టీరియాతో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి సొంత శరీరం మీదికే తిరుగుతుంది. కీళ్ళ నొప్పి పోతుంది కానీ గుండె కవాటాలకు తగిలిన దెబ్బ మిగిలిపోవచ్చు. జ్వరం తిరగబెట్టిన కొద్దీ అది ముదురుతుంది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ళ పిల్లలకు వస్తుంది. కవాటం సన్నబడిన ఆడపిల్లకు పెద్దయ్యాక గర్భం ప్రాణం మీదికి తేవచ్చు.

2015 అంచనాల ప్రకారం ప్రపంచంలో 3.3 కోట్ల మందికి ఈ జబ్బు ఉంది. అందులో సుమారు 1.3 కోట్ల మంది భారతదేశంలోనే ఉన్నారు. ఆ ఏడాది ప్రపంచవ్యాప్తంగా 3 లక్షల మందికి పైగా చనిపోయారు.

యూరప్, అమెరికాల్లో పెన్సిలిన్ రాకముందే ఈ జ్వరం తగ్గడం మొదలైంది. ఇళ్ళలో ఇరుకు తగ్గడం, బతుకులు మెరుగుపడటం అందుకు ముఖ్య కారణాలు. సంపన్న దేశమైన ఆస్ట్రేలియాలో ఇది నేటికీ ఆదివాసీ పిల్లలనే ఎక్కువగా పట్టి పీడిస్తోంది. కాబట్టి దీన్ని పేదరికపు జబ్బు అని వదిలేయలేం. ఎవరికి ఎంత జాగా, ఏ ఇల్లు, ఎంత దూరంలో ఆసుపత్రి అని నిర్ణయించే సామాజిక వ్యవస్థ జబ్బు ఇది. మన దగ్గర ఆ నిర్ణయం చేసే వాటిలో కులం ఒకటి. ఊరి బయటి వాడలో ఒకే గదిలో ఆరుగురు పడుకునే ఇంట్లో ఒక్కరి గొంతు నొప్పి అందరికీ అంటుకుంటుంది.

లెక్కల్లోనూ ఈ పిల్లలు కనబడరు. 2007లో వెలువడిన ఒక అధ్యయనం కంబోడియా, మొజాంబిక్ బడిపిల్లలను పరీక్షించింది. స్టెతస్కోపుతో దొరికిన కేసుల కన్నా ఎకో పరీక్షలో దాదాపు పది రెట్లు ఎక్కువ బయటపడ్డాయి. మన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఎస్సీ, ఎస్టీ పిల్లల పోషణ, మరణాల వివరాలు విడిగా ఇస్తుంది. పిల్లల్లో ఈ జబ్బును మాత్రం లెక్కించదు.

నివారణ ఖరీదైనది కాదు. గొంతు ఇన్ఫెక్షన్‌కు తొమ్మిది రోజుల్లోపు పెన్సిలిన్ మొదలుపెడితే రుమాటిక్ జ్వరాన్ని ఆపవచ్చు. ఒకసారి జ్వరం వచ్చిన పిల్లలకు మూడు నాలుగు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్ సూది ఏళ్ళ తరబడి వేయాలి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు ఆపరేషన్ ఖర్చు భరిస్తాయి. అది అవసరమే, కానీ అప్పటికే కవాటం పాడైపోయి ఉంటుంది. అందుకే మేం అడిగేది మూడు: ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పెన్సిలిన్ ఎప్పుడూ ఉండాలి, సంక్షేమ హాస్టళ్ళలో ఎకో పరీక్షలు జరపాలి, ఆ ఫలితాలను కులాల వారీగా ప్రకటించాలి.