మిల్లర్ వ్యాజ్యము (2019)

పార్లమెంటు సమావేశములను దీర్ఘకాలము నిలిపివేయుమని ప్రధానమంత్రి రాణికొసంగిన సలహా సైతము న్యాయవిచారణకు లోబడునని నిర్ణయించిన ఈ వ్యాజ్యము ఇటీవలి బ్రిటిష్ రాజ్యాంగ ధర్మమున మిక్కిలి ప్రసిద్ధమైనది. యూరోపియన్ యూనియన్ నుండి బ్రిటన్ వైదొలగవలసిన గడువగు 2019 అక్టోబరు 31 సమీపించుచుండగా, ప్రధాని బోరిస్ జాన్సన్ సలహాపై ఉభయసభలు అక్టోబరు 14 వరకు, అనగా సుమారు ఐదు వారములు, నిలిపివేయబడెను. దీనిపై మిల్లర్ అను పౌరురాలు వేసిన వ్యాజ్యమును రాజకీయ విషయమని లండనులోని హైకోర్టు త్రోసిపుచ్చగా, స్కాట్లండు అప్పీలు న్యాయపీఠము అక్రమమని పలికినందున, వివాదము సుప్రీంకోర్టును చేరెను.

11 మంది న్యాయమూర్తులు ఏకగ్రీవముగా నిచ్చిన తీర్పును సెప్టెంబరు 24న అధ్యక్షురాలు లేడీ హేల్ ప్రకటించిరి. ఆనాడామె ధరించిన సాలీడు ఆకారపు పతకము తీర్పుతో సమానముగా జనుల నోట నానుట ఒక చిత్రము. ప్రధాని మనోగతమును శోధింపక, తగిన కారణము లేకయే శాసనసభను తన విధులనుండి నిరోధించునట్టి రాజాధికారము చట్టమున లేనేలేదని, కావున సభలు నిలిచిపోనేలేదని న్యాయస్థానము తేల్చెను. మరునాడే సభ్యులు సమావేశమైరి.

రాజాధికారపు ఎల్లలను చట్టమే నిర్ణయించునని 1611 నాటి ప్రకటనల వ్యాజ్యమున వెలువడిన సూత్రమే దీనికి పునాది. న్యాయస్థానము రాజకీయములలో జొరబడినదను విమర్శ బలమైనదే యైనను, ఎల్లను గుర్తించుటయు పాలించుటయు నొకటి కావు. 2022 నాటి చట్టము పార్లమెంటు రద్దును న్యాయవిచారణనుండి తప్పించెనుగాని, సమావేశముల నిలుపుదలను స్పృశింపలేదు.